పిల్లలు లేని విడుదులు

ఇటలీదేశపు తూర్పుతీరమున, రవెన్నా నగరము మొదలుకొని దక్షిణముగా కత్తోలిక పట్టణము వరకు సాగిపోవు ఇసుకతీరము ఐరోపాఖండమున జనసమ్మర్దము మిక్కుటముగా గల విహారస్థలములలో నొకటి. జూన్ నెల వచ్చునప్పటికి నీటి అంచు మొదలు వీథివరకు గొడుగులు వరుసలు తీరును. గొడుగుల వెనుక హోటళ్ళు, హోటళ్ళ వెనుక రైలుమార్గము, దాని వెనుక మరల ఇండ్లు. ఎచటను జానెడు ఖాళీస్థలము కానరాదు. అట్టి తీరముననే రిమినికిని రిచ్చోనెకును నడుమ, మిరమారె అను పేటలో, కట్టడముల బారు ఉన్నట్టుండి తెగిపోయి, విశాలమైన ఆవరణలును, వానిలో మోకాలెత్తు పెరిగిన గడ్డియు, ఆ గడ్డి నడుమ బహుదీర్ఘములైన కాంక్రీటు సౌధములును కనబడును. కిటికీలకు అద్దములు లేవు. గోడలపై పడుచువారు రంగులతో వ్రాసిన వ్రాతలును, పైకప్పునుండి దిగజారిన వర్షపు చారికలును ఒకదానిపై నొకటి పేరుకొని యున్నవి. ఒకప్పు డీ సౌధములలో ఒక్కొక్కదానియందు వందలాది పిల్లలు నిద్రించెడివారు. ఇటాలియనులు వీనిని కొలోనియా అందురు. పిల్లల వేసవి విడుదులని మనము చెప్పుకొనవచ్చును.

1980లలో ఆ ప్రాంతీయ ప్రభుత్వమువారి సాంస్కృతికసంస్థ జరిపించిన పరిశీలనలో ఈ ఒక్క తీరముననే రెండువందలకు పైబడిన విడుదులు లెక్కకు వచ్చినవి. పడమటితీరమున వియరెజ్జో, మరీనా ది మాస్సా, కలంబ్రోనె ప్రాంతములలో మరికొన్ని కలవు. వీనిలో కొన్ని హోటళ్ళయినవి, కొన్ని పాఠశాల లయినవి, కొన్ని నేలమట్టమైనవి. మిగిలినవానిలో మిక్కిలి పెద్దవియు, వాస్తుకళాదృష్ట్యా మిక్కిలి గణనీయములైనవియు, దశాబ్దముల తరబడి తలుపులు మూసికొని, ఉప్పుగాలికి నానుచు, ఎవరో వచ్చి ఏదో నిర్ణయము చేయుదురని వేచియున్నవి. ఆ నిర్ణయ మెట్టిదై యుండవలెనను విషయమున నాకు స్పష్టమైన అభిప్రాయము కలదు. అది చెప్పుటకు ముందు ఇవి ఎందులకు పుట్టినవో, ఎందులకు విడువబడినవో కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. వీని పుట్టుక ఎరుగనివారు వీనిని పాడుపడిన హోటళ్ళుగానే ఎంచి, ధర కట్టి, అమ్మివేయ జూతురు.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా నగరములయందు పేదపిల్లలను పీడించిన వ్యాధులలో గండమాల యొకటి. మెడయందలి గ్రంథులు వాచి, పగిలి, ఎంతకును మానక, పసిముఖమును వికృతమొనర్చు ఈ రోగము క్షయవ్యాధికి రూపాంతరమే యని ఇప్పుడు మన మెరుగుదుము. కాని క్షయక్రిమిని రాబర్ట్ కాక్ కనుగొన్నది 1882లో. రోగిష్ఠియైన ఆవు పాలు కాచకుండ త్రాగించుటయు దీనికొక కారణమని తేలుటకు మరికొంత కాలము పట్టినది. కారణము తెలియని ఆ దినములలోనే, చీకటికొట్లలో పెరిగిన పిల్లలు సముద్రతీరమున కొన్ని వారములున్నచో తేరుకొనుచుండుటను వైద్యులు గమనించిరి. ఇంగ్లండులో మార్గేటు పట్టణమున ఇందులకై ఒక సముద్రస్నాన చికిత్సాలయము 1791లోనే స్థాపితమైనది. ఇటలీలో ఈ ఉద్యమమునకు మూలపురుషుడు ఫ్లారెన్సు నగరపు వైద్యుడు జుసెప్పె బారెల్లాయ్. ఆయన 1853లో తన తోడివైద్యుల ముందు ఈ ప్రస్తావన తెచ్చి, చందాలు ప్రోగుచేసి, 1856లో కొలదిమంది గండమాల పిల్లలను వియరెజ్జో తీరమునకు పంపించెను. ఆ చిన్న ఆరంభము కొన్ని దశాబ్దములలో దేశమంతటి తీరములకు వ్యాపించి, ఊరూర సముద్రవైద్యాశ్రమములు వెలసినవి.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఈ భావమునకు సూర్యకిరణము తోడైనది. చర్మక్షయను కాంతితో నయము చేసినందులకు డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ 1903లో నోబెల్ బహుమానము పొందెను. ఆ సంవత్సరముననే స్విట్జర్లండులోని లేజాన్ గ్రామమున ఆగస్టు రోలియె సూర్యచికిత్సాలయమును తెరచెను. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము పేరు విన్న తెలుగువారి కీ పద్ధతి క్రొత్తది కాదు. మందు లేని కాలమున క్షయరోగికి గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ఔషధములు. రోగము వచ్చిన పిమ్మట నయము చేయుటకంటె రాకుండ కాపాడుట మేలను ఆలోచన బలపడినకొలది సముద్రవైద్యాశ్రమము క్రమముగా సముద్రవిడిదిగా మారెను. రోగులే కాక, రోగము సోకదగిన బలహీనులు, పిమ్మట కార్మికుల పిల్లలందరును అందు చేరిరి.

1922లో ముస్సోలినీ అధికారమునకు వచ్చిన పిదప ఈ ధర్మకార్యము రాజ్యతంత్రమున భాగమైపోయినది. పిల్లల సంఘమైన ఒపేరా బలిల్లా 1926లో ఏర్పడెను. 1937లో దాని స్థానమున యువజనుల నందరిని ఒక్క పార్టీగొడుగు క్రిందికి తెచ్చు సంస్థ వచ్చెను. ముస్సోలినీ స్వయముగా ఈ తీరము గల రొమాన్యా ప్రాంతమువాడు. రిచ్చోనెలో ఆతనికి వేసవిగృహ ముండెడిది. 1930ల చివరికి ఏటేట లక్షలాది పిల్లలు కొండలకును సముద్రమునకును పంపబడుచుండిరి. జిల్లాపార్టీలు, రైల్వేలు, తపాలాశాఖ, పెద్ద కర్మాగారములు, ఎవరి విడిది వారు కట్టించిరి. అందుచేతనే వీనికి తీరపుటూళ్ళ పేళ్ళుండవు. రిమినిలోని నొవారేసె అను విడిది, ఎక్కడో వాయవ్యమున వరిపొలముల నడుమ నున్న నొవారా పట్టణపు పిల్లలది. బొలొన్యేసె బొలొన్యా వారిది. మిలానో మారిత్తిమ వద్ద నున్నది ఆల్ప్సు పాదములయందలి వరేసె వారిది. అంతవరకు సముద్రమన నెట్టిదో చూడని పిల్లలు రాత్రియంతయు రైలులో ప్రయాణముచేసి, ఉదయమున ఈ తెల్లని సౌధముల ముందు దిగెడివారు.

ఆ సౌధములను నిర్మించిన వాస్తుశిల్పులకు ఎదుట ఖాళీ ఇసుక, వెనుక పుష్కలమైన ధనము. పైనున్న పాలకులు కోరినది వేగము, ఆర్భాటము. అట్టి అవకాశము శిల్పులకు తరచుగా లభించునది కాదు. కత్తోలికలో క్లెమెంతె బుసీరి వీచి 1934లో పూర్తిచేసిన విడిదికి ‘నావలు’ అని పేరు. సముద్రమునకు మొగము త్రిప్పి నిలిచిన నౌకల ఆకారముననే దాని శయనశాలలు కట్టబడినవి. విదేశములలో స్థిరపడిన ఇటాలియనుల పిల్లలను మాతృదేశము చూపించుటకై రప్పించి ఇందు దించెడివారు. ఆ సంవత్సరమే జుసెప్పె పెవెరెల్లి రచించిన నొవారేసె విడిది కొనలు గుండ్రముగా తిరిగి, నడుమ గోపుర మెత్తి, రేవు విడువనున్న ఓడవలె కనబడును. చెజెనాతికోలో జుసెప్పె వాక్కారో 1938లో పెట్రోలియము సంస్థ అజిప్ కొరకు కట్టినది వీనియన్నిటికంటె నిరాడంబరము; స్తంభములపై నిలిచిన పొడవాటి శయనశాల, దానికి ఒక కొననుండి మరియొక కొనవరకు కిటికీల పట్టీ, దాని క్రిందుగా సముద్రపుగాలి నిరాటంకముగా పోవుటకు త్రోవ. నా దృష్టిలో వీనియన్నిటిలో మిక్కిలి అందమైనది ఇదియే. పిల్లవాడు పడుకొన్నచోటినుండి క్షితిజరేఖ కనబడవలెనను ఒక్క కోరికతో అది కట్టబడినట్లు తోచును.

పడమటితీరమున మరీనా ది మాస్సాలో ఫియట్ సంస్థవారికై విత్తోరియో బొనదె బొత్తీనో 1933లో కట్టిన గుండ్రని గోపురమును గూర్చి కొంత ఆగి చెప్పవలెను. పదునేడంతస్తుల ఎత్తుగల ఈ కట్టడమున అంతస్తులను మాట నామమాత్రమే. లోపల నేల ఎచటను తెగక, శంఖములోని మెలికవలె చుట్టుకొనుచు, అడుగునుండి కొనవరకు ఒక్కటే వాలుగా ఎక్కిపోవును. ఆ వాలు వెంబడి బయటిగోడ నానుకొని మంచములు వరుసగా వేయబడినవి. ఒక పిల్లవాని మంచముకంటె వాని ప్రక్కవాని మంచము కొంచె మెత్తున నుండును. మెట్లు లేవు, గదులు లేవు, మూలలు లేవు. నడుమ నిలిచి తల యెత్తి చూచినచో గోపురమంతయు ఒక్క చూపున కగపడును. కాపలాయు, గాలియు, వెలుతురును ఒక్క ఉపాయముచే సాధించిన నేర్పు మెచ్చదగినదే. అందులో పడుకొనిన బిడ్డకు తనదని చెప్పుకొనుటకు ఒక మూలయైన లేకపోయిన సంగతి మరువరానిది.

విడిదిలో దినచర్య అంతయు ఈలమీదనే నడచెడిది. చేరిన దినమున తల పరీక్షించి, స్నానము చేయించి, ఇంటి బట్టలు మూటగట్టి పేరు వ్రాసి భద్రపరచి, ఏకరూపమైన దుస్తులును తెల్లని టోపీయు ఇచ్చెడివారు. తరువాత తూకము. వచ్చిననాడును వెళ్ళునాడును పిల్లవానిని త్రాసుపై నిలిపి, పెరిగిన బరువును పుస్తకమున వ్రాసికొని, నివేదికలలో గర్వముగా ప్రకటించెడివారు. ప్రొద్దుట జెండావందనము, వ్యాయామము. పిమ్మట ఇసుకలో వరుసలుగా పరుండి, ఈల వినబడగనే వీపు ఎండకు త్రిప్పుట. త్రాళ్ళు కట్టిన మేరవరకు సముద్రస్నానము, అదియు కొన్ని నిమిషములే. మధ్యాహ్నము కిటికీలు మూసి, నిద్ర పట్టినను పట్టకున్నను మాటలాడక పడుకొనవలెను. ఆ తరమువారిలో కొందరు దీనిని జీవితములో తొలిసారి కడుపునిండ మాంసమును పాలును తిన్న కాలముగా తలచుకొందురు. మరికొందరికి అమ్మకై దుప్పటిలో ఏడ్చిన రాత్రులే జ్ఞాపకమున్నవి. రెండును నిజములే. క్షామకాలమున కార్మికుని బిడ్డకు సముద్రము చూపినది ఆ ప్రభుత్వమే. ఆ బిడ్డ చేత ముస్సోలినీ నామమునకు వందనము చేయించి, వానిని భావిసైనికునిగా మలచుకొన్నదియు ఆ ప్రభుత్వమే. మొదటిదానిని చూపి రెండవదానిని క్షమించుటయు, రెండవదానిని చూపి మొదటిదానిని లేదనుటయు సత్యమునకు దూరము.

పాలకులు పిల్లలపై తమకు గల అధికారమును ఎంతవరకు తీసికొనిపోయిరో తెలుపు ఉదంతమొకటి కలదు. లిబియా అప్పుడు ఇటలీ వలసరాజ్యము. అచట స్థిరపడిన ఇటాలియను సేద్యగాండ్ర పిల్లలను, నాలుగైదేండ్ల పసివారు మొదలు, దాదాపు 13,000 మందిని 1940 వేసవిలో ఓడల కెక్కించి ఇటలీ విడుదులకు తరలించిరి. కొన్ని నెలల విహారమని తల్లిదండ్రులకు చెప్పిరి. జూన్ 10వ తేదీన ఇటలీ యుద్ధమున దిగినది, సముద్రము మూతబడినది. వేసవికై కట్టిన ఆ శయనశాలలలో ఆ పిల్లలు శీతకాలములు గడపిరి. యుద్ధరంగము సమీపించినకొలది ఒక విడిదినుండి మరియొక విడిదికి మార్చబడిరి. పలువురు తల్లిదండ్రులను మరల చూచునప్పటికి ఏండ్లు గడచినవి. చూచిననాడు గుర్తుపట్టలేనివారు ఎందరో. ఆ విడుదులను గూర్చి వ్రాయువారు రూపరేఖల సొగసును వర్ణించునపుడు ఈ పిల్లలను తలచుకొనక పోరాదు.

1944లో యుద్ధరంగము ఈ తీరముననే నిలిచినది. విడుదులు వైద్యశాలలైనవి, సైనికనివాసములైనవి. సెప్టెంబరు మాసమున రిమిని పరిసరములలోని కొండలలో నాల్గవ భారత పదాతిదళము పోరాడెను. సాన్ మరీనో పోవు దారిప్రక్కన గూర్ఖాసైనికుల శ్మశానవాటిక నేటికిని ఉన్నది. ఇటలీరంగమున సేవచేసిన మద్రాసు సాపర్స్ ఇంజనీరుదళమున తెలుగువారును ఉండిరి. కూలిన వంతెనలు కట్టుచు, మందుపాతరలు ఏరుచు ముందునకు సాగిన ఆ సైనికులలో కొందరైనను ఈ వింత సౌధముల ఉనికి నెరిగియుందురు.

యుద్ధానంతరము విడుదులు మూతబడలేదు, మరింత నిండినవి. చర్చిసంస్థలు, పురపాలకసంఘములు, కార్మికసంఘములు, కర్మాగారములు వానిని నడపినవి. జెండా మారినది, ఈల మారలేదు. ఆ క్రమశిక్షణ వాసనను పోగొట్టవలెనని కొందరు నిర్మాతలు యత్నించిరి. 1960ల ఆరంభమున జాంకార్లో దె కార్లో రిచ్చోనెలో విద్యుత్సంస్థ ఉద్యోగుల పిల్లలకై కట్టిన విడిదిలో మహాశాలలను విడగొట్టి, చిన్న చిన్న గుంపులు ఇండ్లలోవలె మెలగుటకు వీలు కల్పించెను. అయినను కాలము ఎదురు తిరిగినది. 1944లో స్ట్రెప్టోమైసిన్ లోకమునకు తెలియవచ్చినది. క్షయకు మందు దొరకిన పిమ్మట ఎండ చికిత్స కానక్కరలేకపోయినది. ఫియట్ 600 కారు 1955లో వెలువడి, వేతనముతో కూడిన సెలవులు సామాన్యమై, కార్మికుడు తానే ఆలుబిడ్డలతో సముద్రమునకు పోగలిగెను. బిడ్డను నెలదినములు పరులకప్పగించుట పేదరికపు గుర్తుగా తోచసాగినది. 1964లో పదిలక్షలు దాటిన ఇటలీ జననములు తరువాత తగ్గుచు వచ్చి 2023 నాటికి మూడులక్షల ఎనుబదివేల లోపునకు దిగినవి. పార్టీ విడుదులకు వారసత్వముగా ఏర్పడిన ప్రభుత్వసంస్థ 1975లో రద్దై ఆస్తులు ప్రాంతీయ ప్రభుత్వములకును తదితరులకును పంచబడినవి. ఎవరిదో తెలియని ఆస్తికి ఎవరు కప్పు వేయింతురు?

కట్టడము పాడగు రీతిని దగ్గరగా చూచినచో కాలహరణమునకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో తెలియును. క్రొత్త కాంక్రీటుకు క్షారగుణ ముండును. ఆ క్షారము లోపలి ఇనుపకమ్మికి కవచమై తుప్పు పట్టనీయదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్లకొలది లోనికింకుచు ఆ గుణమును హరించును. సముద్రపుటుప్పు అంతకంటె వేగముగా చొచ్చుకొనిపోయి కవచమును తూట్లు పొడుచును. తుప్పు ఇనుముకంటె పెక్కురెట్లు చోటు కోరునది. మొదట వెండ్రుకవాసి చీలిక, ఆ చీలికనుండి గోధుమవన్నె చారిక, ఒక వానకాలము గడచిన పిదప పెచ్చూడి బయటపడిన కమ్మి. ఆపైన తుప్పు మరింత త్వరితము. 1935 చివర ఇథియోపియాపై దండయాత్రకు శిక్షగా నానాజాతిసమితి ఆంక్షలు విధించిన తరువాత ఇటలీలో ఉక్కునకు కొరత వచ్చి, కట్టడములలో దానిని పొదుపుగా వాడవలసి వచ్చినది. పలుచని స్లాబులును, వానిని కప్పు సన్నని పొరయు గల ఆ కాలపు కట్టడములకు ఉప్పుగాలి మరింత ప్రమాదకరము. కప్పు కారక, కిటికీలు మూసియుండి, మనుష్యసంచారము గల కట్టడము ఇట్టిస్థితికి రాదు. అజిప్ విడిది నిలిచియుండుటకును, వరేసె విడిది శిథిలమగుటకును భేదము కొంతవరకు ఇందే ఉన్నది.

ఆ వరేసె విడిది మారియో లొరేతి రచన. 1937 మొదలు 1939 వరకు కట్టబడినది. దాని నడుమభాగమున, నాటకరంగపు తెరవెనుక కట్టినట్లు, ఒకదానినొకటి దాటుచు మీదికెక్కు కాంక్రీటు వాలుదారుల అల్లిక యున్నది. పిల్లలు వరుసలుగా శయనశాలలకు ఎక్కుటయు దిగుటయు దూరమువారికి కనబడవలెనని దాని ఉద్దేశము. యుద్ధకాలమున అది సైనికవైద్యశాల యైనది. తిరోగమించిన జర్మనుసేన దానిలో కొంతభాగమును ప్రేల్చివేసెను. తరువాత పూర్తిగా కోలుకొనలేదు. 1983లో పూపి అవాతి తన భయానకచిత్రము జేదెర్‌ను అచట తీసెను. ఇప్పుడు చుట్టును దేవదారుజాతి చెట్లు, ముందు సముద్రము. కూల్చుటకు మనస్సొప్పదు, నిలుపుటకు ధనమొప్పదు. అట్లని ఊరకున్నచో ఉప్పు తన పని తాను చేసికొనిపోవుచునే యున్నది.

మేలుకొని చూచినచోట మార్గములు దొరకక పోలేదు. కత్తోలిక ‘నావలు’ 2000లో సముద్రజీవుల ప్రదర్శనశాలగా తెరువబడినది. షార్కులను చూచుటకు నేడు పిల్లలే బారులు తీరుదురు. మరీనా ది మాస్సా గోపురమున నేటికిని వేసవి బసలు జరుగుచున్నవి. పీసాకును లివోర్నోకును నడుమ కలంబ్రోనెలో అంజొలొ మజ్జోని తపాలా, రైల్వే ఉద్యోగుల పిల్లలకై కట్టిన ఎఱ్ఱని విడిది, తన రెండు నీటిగోపురములతో, బాగుచేయబడి నిలిచినది. దాని ఇరుగుపొరుగు విడుదులలో పలుభాగములు అమ్మకపు ఇండ్లుగా మారినవి. జెనోవా వైపున కియావరి తీరమున 1935 నాటి ఫారా గోపురము చిరకాలము పాడుపడి, తుదకు విలాసనివాసములుగా రూపొందెను. పిల్లల విడిది కాకున్నను జర్మనీలోని ప్రోరా కట్టడము ఇచట స్మరింపదగినది. ఇరువదివేలమంది విహారులకై నాజీలు తలపెట్టి పూర్తిచేయని, నాలుగున్నర కిలోమీటర్ల పొడవుగల ఆ బారులో చాలభాగము ధనికుల వేసవి ఇండ్లకు పోయినది. ఒక భాగమున మాత్రము 2011లో యువజనవసతిగృహము తెరచిరి.

గోడలను కాపాడుట ఒక్కటే లక్ష్యమైనచో కియావరి గోపురమును విజయమనవచ్చును. తుప్పు తీసిరి, రంగు వేసిరి, కప్పు కారుట లేదు. కాని పేదబిడ్డను సముద్రమున కెదురుగా నిలుపుటకై పుట్టిన స్థలము, సముద్రదృశ్యమునకు వెల కట్టి కొనగలవారి సొత్తయినది. వాస్తుచరిత్రకారులు తృప్తిపడుదురు, నేను తృప్తిపడలేను. ఈ విడుదులలో రక్షింపదగిన మొదటివస్తువు వాని ముందటి ఇసుకయు, వాని చుట్టునున్న ఖాళీయునని నా నమ్మకము. రొమాన్యా తీరమంతయు హోటళ్ళగోడయై పోయినపుడు, ఈ ఆవరణలు యాదృచ్ఛికముగా మిగిలిపోయి, ఊరినుండి సముద్రమునకు చూపు సాగు కొలది సందులుగా నిలిచినవి. నీటికిని కట్టడమునకును నడుమ ఇసుకతిన్నెల శకలములు, వానిని పట్టియుంచు గడ్డియు కొన్నిచోట్ల ఈ ఆవరణలలోనే శేషించినవి. భూగర్భజలమును, వాయువును తోడుటవలన రవెన్నా ప్రాంతపు నేల క్రుంగినది, సముద్రమట్టము పెరుగుచున్నది, ఏటేట ఇసుకను తెచ్చిపోసి తీరమును నిలుపుకొనుచున్న ప్రాంతమునకు తిన్నె యనగా అలంకారము కాదు, కట్ట. ప్రాంతీయ ప్రభుత్వము 1993 నాటి భూదృశ్యప్రణాళికలో ఈ విడుదులను ప్రత్యేకముగా పేర్కొని నియమములు విధించుట దూరదృష్టి గల పని. నియమము కాగితముపై నున్నంత మాత్రమున కప్పు కారుట ఆగదనుట వేరు సంగతి.

అన్నిటిని యథాతథముగా నిలుపవలెనని నేననను. రెండువందల విడుదులలో చాలవరకు సామాన్యములైన పెట్టెగదులే. వానిని తొలగించి ఆ నేలను తిన్నెకును చెట్లకును వదలివేసినచో తీరమునకు ఊపిరి వచ్చును. వాక్కారో, పెవెరెల్లి, లొరేతి కృతుల వంటివి పదియో పదునైదో కలవు, అవి నిలువవలెను. అందును అన్నిటికి ఒక్క ఉపయోగము కుదురదు. మహాశాలను హోటలుగా మార్చుటకు అడుగడుగున అడ్డుగోడలు పెట్టవలెను, ప్రతిగదికి నీటిగొట్టము లాగవలెను, భూకంపనిబంధనల కనుగుణముగా స్తంభములను బలపరుపవలెను. ఇంత చేసినపిమ్మట ఆ శాల శాలగా మిగులదు. విశాలమైన శాలను శాలగానే వాడుకొను పనులు లోకమున లేకపోలేదు: ప్రదర్శనశాల, గ్రంథాలయము, క్రీడాశిక్షణ, వేసవి పాఠశాల, సముద్రపరిశోధన. రిమినిలో బొలొన్యేసె విడిది ఆవరణను పౌరులు కొందరు ముందుకు వచ్చి, పూర్తి మరమ్మతుకు ధనము చిక్కువరకు తాత్కాలికముగా తెరచి, కలుపు తీసి, సాయంకాలపు కార్యక్రమములు జరిపిరి. మొత్తము కట్టడమునకు కోట్లు సమకూడువరకు తాళము తీయరాదనుటకంటె, భద్రముగానున్న ఒక మూలను, ఒక తోటను నేడే తెరచుట వివేకమని వారు చూపిరి. మనుష్యుడు తిరుగుచోట దొంగలు కిటికీలు పీకరు. కారుచున్న కప్పు ఎవరో ఒకరి కంటబడును.

నియంత నిర్మించినవానికి ఇంత ఆదర మెందులకని అడుగువారును కలరు. ప్రశ్న న్యాయమైనదే. అయితే కూల్చుటవలన ఆ కాలము చరిత్రనుండి తొలగిపోదు. ఎట్టి గుర్తును మిగల్చక నునుపుచేసి, కొలనులు త్రవ్వి, విహారగృహముగా అమ్ముటయు ఒకరీతి కూల్చుటయే. మరమ్మతుచేసిన ప్రతి విడిదిలో ఒక శాలను దాని కథ చెప్పుటకై విడువవలెను. ఆ శాలలో తూకపుత్రాసు ఉండవలెను, తెల్లని టోపీ ఉండవలెను, లిబియా పిల్లలు ఇంటికి వ్రాసిన ఉత్తరములు దొరకినచో ఉండవలెను. నాటి పిల్లలలో జీవించియున్నవారు తొంబదుల వయస్సున ఉన్నారు. వారి మాటలను నమోదు చేయుటకు ఇక ఎక్కువ వ్యవధి లేదు.

పిల్లలే తగ్గిపోయిన దేశమున పిల్లల విడుదులెవరికని మరియొక ఆక్షేపణ. ఇటలీ ప్రభుత్వ గణాంకములనుబట్టియే ఆ దేశమున పదిలక్షలకు పైబడిన బాలబాలికలు కటికపేదరికమున నున్నారు. వారికి వేసవిసెలవులు మూడునెలలు. తల్లిదండ్రులు పనికి పోవుదురు. నగరమున ఎండ మండిపోవును. బారెల్లాయ్ చూచిన గండమాల వారికి లేదు. సముద్రము మాత్రము ఆనాటి పిల్లలకెంత దూరమో వారిలో పలువురకు నేడును అంతే దూరము. కనుక ప్రజల సొమ్ముతో గాని ప్రజల భూమిపై గాని పునరుద్ధరింపబడు ప్రతి విడిదికిని ఒప్పందములోనే రెండు షరతులు వ్రాయవలెను. ఒకటి, ఊరినుండి ఇసుకవరకు ఆవరణగుండ పోవు దారి సర్వులకును తెరచియుండుట. రెండవది, హోటలైనను, వసతిగృహమైనను, పరిశోధనాలయమైనను, వేసవిలో ఐదింట ఒక వంతు మంచములు స్తోమతలేని కుటుంబముల పిల్లలకు కేటాయింపబడుట. ఈలలు లేకుండ, కోరినపుడు సముద్రమున దిగుటకును, కోరినపుడు తల్లితో ఫోనులో మాటలాడుటకును స్వేచ్ఛతో. ఈ షరతులకు లోబడని కొనుగోలుదారు ఎంత వెల ఇవ్వజూపినను, కప్పుపై తాత్కాలికముగా రేకులు వేయించి, మరియొక దశాబ్దము వేచియుండుటయే పురపాలకసంఘములకు కర్తవ్యమని నా అభిప్రాయము. రేకులకగు వ్యయము స్వల్పము, అమ్మివేసిన తీరము తిరిగి రాదు.